పాత పార్టీలను కాదని తీవ్ర పార్టీలకు ఓటు ఎందుకు వేస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

భీమవరం, పాలకొల్లు, అమలాపురం, రాజోలు చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా అమెరికాలోనో జర్మనీలోనో పిల్లలున్న ఇళ్లు కనిపిస్తాయి. అందుకే అక్కడి ఎన్నికలు ఇక్కడి అరుగుల మీద చర్చకు వస్తున్నాయి. "అంత చదువుకున్న దేశాల్లో అలాంటి పార్టీలకు ఓట్లు ఎలా పడుతున్నాయి?" అని చాలామంది అడుగుతున్నారు. ఆ ప్రశ్నలో కొంత చిన్నచూపు ఉంది. ముందుగా దాన్ని పక్కన పెట్టమని కోరుతున్నాను. పాత పార్టీలను విదిలించి కొట్టిన అనుభవం మన జిల్లాల ఓటర్లకూ ఉంది.

అసలు పాపులిస్టు పార్టీ అని దేన్ని అంటారు?

సమాజాన్ని రెండు ముక్కలుగా చూపించే పార్టీని అంటారు. ఒకవైపు నిజాయతీపరులైన సామాన్యులు, మరోవైపు వాళ్లను దోచుకునే పెద్దలు. ప్రజల మనసు తమకు మాత్రమే తెలుసని, కోర్టులు, పత్రికలు, నిపుణులు మధ్యలో అడ్డుపడుతున్నారని ఈ పార్టీల వాదన. ఈ చట్రంలో ఏ సిద్ధాంతమైనా ఇమిడిపోతుంది. ఫ్రాన్స్‌లో నేషనల్ ర్యాలీ, జర్మనీలో ఏఎఫ్‌డీ వలసల మీద వ్యతిరేకతను అందులో నింపాయి. గ్రీసులో సిరిజా, స్పెయిన్‌లో పొదెమోస్ బ్యాంకుల మీద, ప్రభుత్వ ఖర్చుల కోత మీద జనానికున్న కోపాన్ని నింపాయి. మొదటి రెండూ కుడివైపు పార్టీలు, తర్వాతి రెండూ ఎడమవైపువి. ఉన్న వ్యవస్థకు మరమ్మతు చేస్తామని కాక, దాని పునాదులనే మారుస్తామన్నప్పుడు వాటిని తీవ్ర పార్టీలు అంటారు.

ఉచిత పథకాలు ఇచ్చే పార్టీలన్నీ ఈ కోవలోకే వస్తాయా?

రావు. బియ్యం, పింఛను, ఫీజుల చెల్లింపు సంక్షేమం కిందికి వస్తాయి. ఖజానా వాటిని మోయగలదా లేదా అన్నది వేరే చర్చ. ఒక్క పథకం కూడా ప్రకటించకుండా, "వాళ్లు మన శత్రువులు" అన్న ఒక్క మాట మీద నడిచే పాపులిస్టు పార్టీలు ఉన్నాయి.

వీళ్లకు ఓటు వేసేది పేదలు, చదువుకోనివాళ్లేనా?

చదువు ప్రభావం నిజమే. యూరప్‌లో డిగ్రీ లేనివారిలో కుడి తీవ్ర పార్టీలకు ఓట్లు ఎక్కువ. పేదరికం విషయంలో మాత్రం లెక్క అంత సూటిగా కుదరదు. అందరికంటే పేదవాళ్లలో చాలామంది అసలు ఓటు వేయడానికే వెళ్లరు. ఈ పార్టీలకు వెన్నెముకగా నిలిచేవాళ్లు వాళ్లకంటే ఒక మెట్టు పైన ఉంటారు. సొంత ఇల్లున్న మెకానిక్కు, చిన్న దుకాణం నడిపే మనిషి, ఫ్యాక్టరీలో నలుగురిపై అజమాయిషీ చేసి రిటైరైన ఉద్యోగి. చేతిలో ఎంతోకొంత ఉంది, అది జారిపోతోందన్న భయం ఉంది. తండ్రి కాలంలో ఊళ్లో ఉన్న గౌరవం తనకు దక్కలేదన్న బాధ ఉంది. ఓటును నిర్ణయించడంలో నెల జీతం కంటే ఈ బాధకే ఎక్కువ బలం ఉందని చాలామంది పరిశోధకులు తేల్చారు.

డెల్టాలో ఒకప్పుడు పదెకరాల మాగాణి ఉన్న ఆసామి మాట ఊళ్లో చెల్లేది. ఇవాళ ఆయన కొడుకు హైదరాబాద్‌లో అద్దె కట్టడానికి ఇంటి నుంచి డబ్బు తెప్పించుకుంటున్నాడు. ఆ ఆసామి పేదవాడేమీ కాదు. అయినా తనను ఎవరూ లెక్కచేయడం లేదని కుమిలిపోతాడు. ఆ కుములుబాటును గుర్తించి మాట్లాడిన నాయకుడికి చెవి ఒగ్గుతాడు.

ఇక్కడే ఒక చేదు నిజం చెప్పుకోవాలి. నిన్నటిదాకా తక్కువగా చూసినవాళ్లు ఇవాళ సమానంగా పక్కన కూర్చుంటే, దాన్నే తమ నష్టంగా లెక్కవేసుకునేవాళ్లు ప్రతి దేశంలోనూ ఉన్నారు. కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టిన సంగతి తెలిసినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. గౌరవం పోయిందన్న ఫిర్యాదులన్నీ ఒకే రకానివి కావు. కొన్ని న్యాయమైనవి, కొన్ని పక్కవాడికి గౌరవం దక్కిందన్న అక్కసు. తీవ్ర పార్టీలు ఈ రెండింటినీ ఒకే జెండా కింద నిలబెడతాయి. వాటిని విడదీసి చూడటం మన పని.

ఉద్యోగాలు పోవడం అసలు కారణమా, వలస వచ్చినవాళ్ల మీద కోపమా?

రెండూ పెనవేసుకుని ఉంటాయి. అమెరికాలో 2000లో సుమారు 1.7 కోట్లున్న ఫ్యాక్టరీ ఉద్యోగాలు 2010 నాటికి 1.15 కోట్ల దగ్గరకు పడిపోయాయి. చైనా సరుకుల పోటీకి ఫ్యాక్టరీలు మూతపడిన చోట్ల ఓటర్లు మధ్యేమార్గపు నాయకులను వదిలి తీవ్రంగా మాట్లాడేవాళ్ల వైపు జరిగారు. ఆర్థిక సంక్షోభాల చరిత్ర కూడా ఇదే చెబుతోంది. 1870 నుంచి 2014 వరకు 20 ప్రజాస్వామ్య దేశాల ఎన్నికలను పరిశీలించిన ఆర్థికవేత్తలకు, పెద్ద బ్యాంకింగ్ సంక్షోభం తర్వాత కుడి తీవ్ర పార్టీల ఓట్ల వాటా సగటున 30 శాతం పెరిగినట్టు కనిపించింది. అంటే పది శాతం ఓట్లున్న పార్టీ పదమూడు శాతానికి చేరుతుంది.

తూర్పు జర్మనీ సంగతి చూస్తే చిక్కుముడి మరింత బాగా కనిపిస్తుంది. 1990లో రెండు జర్మనీలు కలిశాక తూర్పున ప్రభుత్వ ఫ్యాక్టరీలు వరసగా అమ్ముడుపోయాయి లేదా మూతపడ్డాయి. యువత, ముఖ్యంగా ఆడపిల్లలు, పని వెతుక్కుంటూ పశ్చిమానికి వెళ్లిపోయారు. 2025 ఫిబ్రవరి ఎన్నికల్లో ఏఎఫ్‌డీకి దేశం మొత్తం మీద 20.8 శాతం ఓట్లు వస్తే, తూర్పున ఉన్న ఐదు రాష్ట్రాల్లోనూ అదే మొదటి స్థానంలో నిలిచింది. విదేశీయులు ఎక్కువగా ఉన్నది మాత్రం పశ్చిమ జర్మనీ నగరాల్లో. వలసదారులు తక్కువగా ఉన్నచోటే వలస వ్యతిరేక ఓటు ఎందుకు ఎక్కువ పడింది? పిల్లలు వెళ్లిపోయి, బడి మూతపడి, డాక్టరు కోసం పాతిక కిలోమీటర్లు పోవలసిన ఊళ్లో మనిషికి తాను మిగిలిపోయానన్న దిగులు ఉంటుంది. వెళ్లిపోయిన సొంత బిడ్డల మీద కోపం తెచ్చుకోలేడు, రాబోయే పరాయివాళ్ల మీద తెచ్చుకోగలడు. తాళాలు వేలాడే మేడలు, పండక్కి మాత్రమే తెరుచుకునే కిటికీలు ఉన్న మన ఊళ్లవాళ్లకు ఆ దిగులు ఎలాంటిదో తెలుసు.

పాత పార్టీలు ఎక్కడ తప్పాయి?

నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే. జనంలో కోపం ఎప్పుడూ ఉంటుంది. అది ప్రధాన ప్రతిపక్షానికి ఓటుగా మారినంత కాలం తీవ్ర పార్టీకి చోటుండదు. ప్రతిపక్షం కూడా పాలకపక్షంలాగే మాట్లాడటం మొదలుపెట్టినప్పుడు ఆ కోపం కొత్త దారి వెతుక్కుంటుంది. కాలువ గట్టు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడే గండి పడుతుంది.

గ్రీసు దీనికి అద్దంలాంటి ఉదాహరణ. 2009 ఎన్నికల్లో అక్కడి సోషలిస్టు పార్టీ పాసోక్‌కు 43.9 శాతం ఓట్లు వచ్చాయి, సిరిజాకు 4.6 శాతం. అప్పుల సంక్షోభంలో పాసోక్ జీతాలకు, పింఛన్లకు కోత పెట్టింది. 2011 చివర్లో తన చిరకాల ప్రత్యర్థితో కలిసి ఒకే ప్రభుత్వంలో కూర్చుంది. కోత వద్దనుకునే ఓటరుకు పెద్ద పార్టీల్లో దిక్కు లేకుండా పోయింది. 2015 జనవరిలో సిరిజాకు 36.3 శాతం, పాసోక్‌కు 4.7 శాతం ఓట్లు వచ్చాయి. జర్మనీలో రెండు పెద్ద పార్టీలు 2005 నుంచి 2009 వరకు, మళ్లీ 2013 నుంచి 2021 వరకు కలిసే పాలించాయి. ఏఎఫ్‌డీ పుట్టింది 2013లో. ఇది ఒక్కటే కారణమని నేను అనను. కానీ ఇద్దరు ప్రత్యర్థులూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే, కాదనేవాడు బయటే వెతుక్కోవాలి.

మన దగ్గర దీన్ని అర్థం చేసుకోవాలంటే దాళ్వా (రబీ వరి) కోతల్లో కళ్లానికి వెళ్లాలి. కౌలు రైతు ధాన్యం ఆరబోస్తాడు. కొనుగోలు సిబ్బంది తేమ మీటరు పెడితే 17 శాతం చూపిస్తుంది, అంటే మద్దతు ధరకు సరిపోయినట్టే. బస్తాలు లారీకెక్కి మిల్లుకు చేరాక అక్కడి మీటరు రెండు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. బస్తాకు ఇంత తరుగు ఒప్పుకుంటే దించుకుంటామని, లేకపోతే తిప్పుకుపొమ్మని అంటారు. లారీ బాడుగ రైతు నెత్తిన పడుతుంది, పైన మబ్బు పట్టి ఉంటుంది. ఆయన ఒప్పుకుంటాడు. మర్నాడు కొనుగోలు కేంద్రంలో అడిగితే మిల్లులో అడగమంటారు. మిల్లులో అడిగితే పైనుంచి వచ్చిన నిబంధన అంటారు. నాయకుడు చూద్దామంటాడు. ప్రభుత్వం మారినా, కండువా రంగు మారినా ఇదే జవాబు వినిపిస్తే, పోయిన తరుగు కంటే ఆ జవాబే ఎక్కువ కాలుస్తుంది. చాలా ఊళ్లలో రైతులు ఏటా చెప్పుకునే గోడు ఇది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి వరినే నమ్ముకున్న నేల మనది. అలాంటి నేల మీద 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి చేలను బీడుగా వదిలేశారు. గిట్టుబాటు ధర అడిగి అడిగి విసిగిపోయిన మనిషి నాటు వేయడమే మానేశాడు. యూరప్‌లో అదే విసుగు బ్యాలెట్ పెట్టెలోకి వెళ్లింది.

మన దగ్గర 1983లో జరిగింది ఇదేనా?

కొంతవరకు ఇదే. 1978 నుంచి 1983 వరకు కాంగ్రెస్ అధిష్ఠానం రాష్ట్రానికి నలుగురు ముఖ్యమంత్రులను మార్చింది. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ చేతిలో అంజయ్యకు జరిగిన అవమానం ఇంటింటా చర్చగా మారింది. మార్చి 29న ఎన్.టి. రామారావు తెలుగుదేశం స్థాపించారు. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1983 జనవరి ఎన్నికల్లో, 294 సీట్లలో 200కు పైగా గెలిచారు. కిలో రెండు రూపాయల బియ్యం మాట జనానికి బాగా ఎక్కింది, నిజమే. కానీ చైతన్యరథం చుట్టూ చేరిన జనాన్ని కదిలించిన మాట ఆత్మగౌరవం. ఢిల్లీ పెద్దలు ఒకవైపు, తెలుగు ప్రజలు ఒకవైపు అన్న గీత అందులో స్పష్టంగా ఉంది. ఆ గీత పాపులిస్టు గీతే.

తేడా మరోచోట ఉంది. ఆ 'తెలుగు ప్రజలు' అన్న మాటలో ఎవరినీ పరాయివాళ్లను చేయలేదు. గెలిచాక 1984లో కరణం, మునసబుల వ్యవస్థను రద్దు చేశారు. ఊరి కాగితాల మీద తరతరాల పట్టు ఎలా ఉండేదో చూసిన డెల్టా రైతుకు ఆ మార్పు విలువ తెలుసు. అదే ఏడాది ఆగస్టులో గవర్నరు ఆ ప్రభుత్వాన్ని తొలగిస్తే జనం వీధుల్లోకి వచ్చారు, సెప్టెంబరులో మళ్లీ ఆయనే ముఖ్యమంత్రి అయ్యారు. 1989లో ఓడిపోయినప్పుడు ఆ పార్టీ ఓటమిని అంగీకరించి ప్రతిపక్షంలో కూర్చుంది. ఏ పార్టీ మంచిదన్నది ఇక్కడ చర్చ కాదు. పాత పార్టీ తలుపులు మూసుకున్నప్పుడు ఓటరు తెచ్చే మార్పు ఆరోగ్యకరంగా కూడా ఉండవచ్చు, అంతే.

మరి ప్రజారాజ్యం ఎందుకు నిలవలేదు? తారలుంటే చాలదా?

చాలదు. 2008 ఆగస్టులో తిరుపతిలో పుట్టిన ప్రజారాజ్యం 2009లో దాదాపు ఆరోవంతు ఓట్లు తెచ్చుకుంది, సీట్లు మాత్రం 18. మొగల్తూరు బిడ్డ చిరంజీవి పక్కనే ఉన్న పాలకొల్లులో ఓడిపోయి తిరుపతిలో గెలిచారు. 2011లో పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. రెండు కారణాలు చెప్పుకోవాలి. మొదటిది, అప్పటికి రెండు పెద్ద పార్టీల మధ్య పోటీ గట్టిగానే ఉంది, 1983లో ఉన్నంత ఖాళీ లేదు. రెండోది, మన ఎన్నికల పద్ధతి. నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలిచే పద్ధతిలో ఓట్లు పలుచగా పరుచుకున్న పార్టీ నష్టపోతుంది. బ్రిటన్‌లో 2024లో రిఫార్మ్ పార్టీకి 14 శాతం ఓట్లు వచ్చినా 650 సీట్లలో దక్కినవి ఐదే. ఓట్ల శాతాన్ని బట్టి సీట్లిచ్చే జర్మనీ, నెదర్లాండ్స్‌లలో అవే ఓట్లకు పెద్ద బలగం వచ్చేది. జనసేన కూడా 2019లో వామపక్షాలు, బీఎస్పీతో కలిసి పోటీ చేసి రాజోలు ఒక్కటే గెలిచి, 2024లో కూటమిలో పోటీ చేసిన 21 స్థానాలనూ గెలిచింది.

సోషల్ మీడియా వల్లనే ఇదంతా అంటారు. నిజమేనా?

వేగం పెంచింది. కారణాన్ని సృష్టించలేదు. ఫ్రాన్స్‌లో నేషనల్ ర్యాలీకి పాత రూపమైన పార్టీ నాయకుడు జాన్ మారీ లె పెన్ అధ్యక్ష ఎన్నికల తుది పోరుకు చేరింది 2002లో, అప్పటికి ఫేస్‌బుక్ పుట్టనే లేదు. 1983లో మనకు వాట్సాప్ లేదు.

మగవాళ్లే ఎక్కువగా ఓటు వేస్తారా?

కుడి తీవ్ర పార్టీలకు చాలా దేశాల్లో అవును. ఫ్రాన్స్‌లో ఆయన కూతురు మరీన్ లె పెన్ పార్టీ పగ్గాలు పట్టాక ఆ తేడా బాగా తగ్గింది.

అమెరికాలో ఎవరు గెలిస్తే మా రొయ్యల చెరువుకు ఏమిటి?

2025 ఆగస్టు తర్వాత ఈ ప్రశ్న ఎవరూ అడగడం లేదనుకున్నాను, అయినా వస్తూనే ఉంది. ఆ నెల 27 నుంచి అమెరికాలో ట్రంప్ ప్రభుత్వం మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చింది. మన వనామీ రొయ్యకు పెద్ద మార్కెట్ అమెరికాయే. పట్టుబడికి సిద్ధమైన చెరువు గట్టు మీద రైతు ఫోను చేతిలో పట్టుకుని నిలబడతాడు. పొద్దున చెప్పిన కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధర సాయంత్రానికి ఉండదు. ఇంకో వారం ఆగుదామంటే మేత ఖర్చు, ఏరియేటర్ల కరెంటు బిల్లు, తెగులు భయం. వేల మైళ్ల అవతల పడిన ఓటు ఆ గట్టు దాకా వచ్చి తగిలింది.

ఇక్కడితో ఆపితే సగం కథే చెప్పినట్టు అవుతుంది. లూసియానా, టెక్సాస్ తీరాల్లో పడవల మీద రొయ్యలు పట్టి బతికే కుటుంబాలు ఉన్నాయి. ఆసియా చెరువుల రొయ్య చవకగా దిగి తమ బతుకు తీసిందని వాళ్లు ఇరవై ఏళ్లకు పైగా మొత్తుకుంటున్నారు. వాళ్ల పోరు వల్లనే 2005 నుంచి మన రొయ్య మీద యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవకగా తెచ్చి గుమ్మరిస్తున్నారని వేసే పన్ను) పడింది. అమెరికా ఫ్యాక్టరీ కార్మికుడికి చైనా సరుకు ఎలాంటిదో, ఆ మత్స్యకారుడికి మన భీమవరం రొయ్య అలాంటిది. మన చెరువులు నిండిన ఏళ్లలోనే అక్కడ పడవలు ఒడ్డుకెక్కాయి. ఆయన ఓటు మనకు నష్టం తెచ్చింది, అందుకు బాధపడే హక్కు మనకుంది. కానీ ఆయన మూర్ఖుడు కాడు. పడవ అమ్ముకున్న మనిషికి పాత పార్టీలు చెప్పిన ఓదార్పు, ప్రపంచ వాణిజ్యం వల్ల దేశానికి మొత్తం మీద లాభమే అన్నది. ఆ మొత్తం లెక్కలో ఆయన ఎక్కడా కనిపించలేదు. నష్టపోయినవాళ్లకు కొత్త బతుకుదారి చూపించాకే ఆ మాట చెప్పి ఉంటే, సుంకాల గోడ కట్టే నాయకుడికి అంత చప్పట్లు దొరికేవి కావని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మా పిల్లలు అక్కడ ఉన్నారు. భయపడాలా?

నిబంధనల విషయంలో జాగ్రత్త తప్పదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు ఎన్ని ఇళ్లలో నిద్ర పట్టలేదో మనకు తెలుసు. అయితే అలాంటి పార్టీకి ఓటు వేసిన ప్రతి పొరుగువాడూ మీ అబ్బాయిని ద్వేషిస్తున్నాడని అనుకోవద్దు. ఇంటి అద్దె, ఆసుపత్రి బిల్లు చూసి ఓటు వేసినవాళ్లు వాళ్లలో చాలామంది ఉన్నారు.

అధికారంలోకి వచ్చాక ఈ పార్టీలు మెత్తబడతాయా?

కొన్ని మెత్తబడ్డాయి. 2015 జూలైలో గ్రీసు ప్రజలు రుణదాతల షరతులకు 61 శాతం ఓట్లతో వద్దని చెప్పారు. ఆ తీర్పు కోరిన సిరిజా ప్రభుత్వమే పది రోజులు తిరగకుండా షరతులకు తలవంచింది. కొన్ని తమకు అనువుగా వ్యవస్థనే మార్చుకున్నాయి. హంగరీలో 2010లో మూడింట రెండు వంతుల సీట్లతో గెలిచిన ఓర్బాన్ పార్టీ మరుసటి ఏడాదే కొత్త రాజ్యాంగం రాసుకుంది, ఎన్నికల చట్టాన్ని మార్చింది, మీడియాను గుప్పిట్లోకి తెచ్చుకుంది. కొన్ని ఓడిపోయాయి. పోలండ్‌లో లా అండ్ జస్టిస్ పార్టీ ఎనిమిదేళ్ల పాలన తర్వాత 2023 అక్టోబరులో 74 శాతం మంది ఓటు వేయడానికి కదిలివస్తే ప్రతిపక్షాలకు కలిపి మెజారిటీ దక్కింది. నెదర్లాండ్స్‌లో 2023లో 37 సీట్లతో మొదటి స్థానంలో నిలిచిన, వలసలను వ్యతిరేకించే గీర్ట్ విల్డర్స్ పార్టీ, తాను ఉన్న ప్రభుత్వాన్నే 2025లో పడగొట్టి, ఆ అక్టోబరు ఎన్నికల్లో 26 సీట్లకు తగ్గింది.

ప్రధాన పార్టీలు కూడా వాళ్ల మాటలే మాట్లాడితే ఓట్లు తిరిగి రావా?

సాధారణంగా రావు. వలసల మీద కఠినంగా మాట్లాడిన పాత పార్టీల ఓట్లను పలు దేశాల్లో పోల్చి చూస్తే, ఆ ఎత్తుగడ తీవ్ర పార్టీలను బలహీనపరచలేదు. ఆ వాదనకు మర్యాద దొరికింది, ఓట్లు మాత్రం అసలు వాదనదారుడికే వెళ్లాయి. డెన్మార్క్ సోషల్ డెమొక్రాట్లను కొందరు మినహాయింపుగా చూపిస్తారు. వాళ్లు 2019లో గెలిచింది సంక్షేమాన్ని గట్టిగా కాపాడతామన్న మాటతో కూడా.

కొత్త పార్టీ నచ్చింది. ఓటు వేసే ముందు ఏం చూడాలి?

మీ కోపం న్యాయమైనదే కావచ్చు, దాన్ని వదులుకోమని చెప్పను. మూడు విషయాలు మాత్రం చూడండి. వాళ్లు 'ప్రజలు' అన్నప్పుడు మీ వీధిలో ఎవరు ఆ మాటలో లేకుండా పోతున్నారో గమనించండి. ఓడిపోతే ఏం చేస్తారో వినండి. ఎన్నికలకు ముందే "మేం ఓడితే అది మోసమే" అనే నాయకుడు గెలిచాక కుర్చీ దిగడం కష్టం. ఆ తర్వాత, మీ ఊరి సమస్య ఒక్కటి పట్టుకుని అడగండి. మిల్లు దగ్గర తేమ మీటరు ఎవరు తనిఖీ చేస్తారు, తరుగు ఎక్కువ తీస్తే ఎవరికి ఫిర్యాదు చేయాలి, ఎన్ని రోజుల్లో జవాబు వస్తుంది? జవాబులో శత్రువు పేరు మాత్రమే వినిపించి పని చేసే అధికారి పేరు, గడువు వినిపించకపోతే, అదే ప్రశ్నను పాత పార్టీ అభ్యర్థి దగ్గరకూ తీసుకువెళ్లి, ఇద్దరి జవాబులూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.